కొత్తది కొనే ముందు ఫ్యూజు చూడండి

ఇవాళ రాసేది మిర్చి రేటు గురించి కాదు, నల్లి గురించీ కాదు. మా ఇంట్లో జరిగిన లక్ష రూపాయల గొడవ గురించి. కాస్త ఓపిగ్గా చదవండి, మనకి పనికొచ్చే మాట ఉంది.

మావాడు బీటెక్ అయ్యి, ఉద్యోగం వెతుక్కుంటా ఇంటి దగ్గరే ఉన్నాడు. మా బావమరిది అమెరికా నుంచి వస్తా, తను వాడి పక్కన పెట్టిన వీఆర్ హెడ్‌సెట్ తెచ్చిచ్చాడు. క్వెస్ట్ 2 అంటారు. కళ్ళకి గంతలు కట్టినట్టు కట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనపడుద్ది. దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్షం ఆట పెట్టాడు. 2014లో వచ్చిన ఆట అది. మన పాలపుంతని 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలతో కట్టారంట. ఓడ నడుపుకుంటా ఒక స్టేషన్లో సరుకు కొని ఇంకో స్టేషన్లో అమ్ముకోవచ్చు. అంటే అక్కడా మన యార్డు గోలే.

చిక్కేందంటే, ఖాళీ ఆకాశంలో బాగానే నడిచేది. స్టేషను దగ్గరికి పోగానే బొమ్మ జర్కులు కొట్టేది. అయిదు నిమిషాలకే వాడికి కళ్ళు తిరిగి వాంతి. టౌన్లో ఒక షాపులో అడిగితే, "ఈ ల్యాప్‌టాప్ దీనికి పనికిరాదు, కొత్తది తీసుకో" అన్నారంట. లక్షకి పైనే. నా దగ్గరున్నయ్యి కౌలు కట్టాల్సిన డబ్బులు. "ఉద్యోగం సద్యోగం లేదు, ఆటలకి లక్షా?" అని నోరు జారాను. రెండు రోజులు తండ్రీ కొడుకులం మాట్లాడుకోలేదు.

మూడో రోజు పొలంలో మోటారు ఆగిపోయింది. స్టార్టరు చూశా, ఫ్యూజు చూశా, వోల్టేజి చూశా. చివరికి కెపాసిటరు పోయిందని తేలింది. ఇంటికొస్తా అనుకున్నా: బోరు నీళ్ళు పోయలేదని మనం ఆ రోజే కొత్త మోటారు కొంటామా? మరి వాడి పెట్టె విషయంలో ఎవురైనా ఫ్యూజు చూశారా?

ఆ రాత్రి వాడి పక్కన కూర్చున్నా. ఒక్కోటి మార్చి, ఒక్కోసారి నడిపి చూడమన్నా. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మందులు నాలుగు కలిపి కొట్టి, ఏది పనిచేసిందో తెలియక మళ్ళీ నాలుగూ కొనే తెలివితక్కువ పని మనం చేసేదేగా.

మొదటిది కరెంటు. వీడు ఛార్జరు తీసేసి, ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టి ఆడుతున్నాడు. బ్యాటరీ మీద ఆ మిషను పూర్తి బలం చూపించదు. కింద గాలి ఆడకపోతే వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటది. బల్ల మీద పెట్టించి, ప్లగ్గు పెట్టించి, ఫ్యాను వేయించా.

రెండోది, పని ఎవురు చేస్తున్నారు? ఆ ల్యాప్‌టాప్‌లో బొమ్మలేసే చిప్పులు రెండు. ఒకటి ప్రాసెసర్లోనే ఉండే చిన్నది, రెండోది విడిగా ఉండే పెద్దది. టాస్క్ మేనేజరు తెరిస్తే ఏది పనిలో ఉందో కనపడుద్ది. ఆట పెద్దదాని మీదే నడిచేటట్టు విండోస్ సెట్టింగుల్లో పెట్టాడు.

మూడోది కేబులు. వీడు ఛార్జింగు వైరే వాడుతున్నాడు. నడుస్తది గానీ, ముప్పావు అంగుళం పైపులో మూడంగుళాల నీళ్ళు పారించాలన్నట్టు ఉంటది. యూఎస్‌బీ 3 కేబులు, దానికి తగ్గ పోర్టు ఉండాలి. హెడ్‌సెట్ యాప్‌లోనే కేబులు వేగం చూసే పరీక్ష ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో మేం కొన్నది ఆ కేబులు ఒక్కటే.

నాలుగోది అసలు లెక్క. ఆ పెట్టెలో ఒక్కో కంటికి 1832 అడ్డం, 1920 నిలువు చుక్కలు. రెండు కళ్ళకీ కలిపి 70 లక్షలు దాటుద్ది. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీకి 20 లక్షల పైచిలుకే. సెకనుకి 90 బొమ్మలు పెడితే, ఒక్కో బొమ్మకి మిషనుకి దొరికే టైము 11 మిల్లీసెకన్లు. అది దాటితే సాఫ్ట్‌వేరు 45 నిజం బొమ్మలేసి, మిగతావి మధ్యలో ఊహించి కలుపుద్ది. అదే 72కి దించితే దాదాపు 14 మిల్లీసెకన్లు దొరుకుతయ్యి. 90 పెట్టి తడబడే కంటే 72 నిలకడగా రావటం మేలు.

అయిదోది వీడి ఆశ. యాప్‌లో రిజల్యూషన్ పెంచాడు, ఆటలో సూపర్‌శాంప్లింగ్ అనేది 1.5 చేశాడు. పొలం పొడవు ఒకటిన్నర రెట్లు, వెడల్పు ఒకటిన్నర రెట్లు చేస్తే విస్తీర్ణం రెండుంబావు రెట్లు అవుద్ది. చుక్కలూ అంతే. దాన్ని 1కి దించి, నీడలూ మెరుపులూ తగ్గించాడు. పరీక్ష మాత్రం స్టేషను దగ్గరే చేయమన్నా. ఖాళీ ఆకాశంలో బాగుందంటే కుదరదు, ఖాళీ ట్రాక్టరు ఏ గట్టైనా ఎక్కుద్ది.

స్టేషన్లో 72 నిలబడింది. వాంతులు లేవు. నేనూ కట్టుకుని చూశా. కన్నేమో కదులుతున్నావంటది, చెవి లోపల తూకం చూసేదేమో కూర్చునే ఉన్నావంటది. ఆ పేచీ వల్ల కళ్ళు తిరుగుతయ్యంట, జర్కులుంటే మరీ ఎక్కువ. అయినా గ్రహం చుట్టూ ఉన్న వలయం అంత దగ్గరగా చూసి నోట మాట రాలేదు.

కొందరంటారు, "నిజంగానే మిషనుకి బలం చాలకపోతే?" అని. నిజమే, అప్పుడు కొనాల్సిందే. కానీ అదీ తేల్చుకోవచ్చు. రిజల్యూషన్ బాగా దించి చూడండి. నున్నగా నడిస్తే గ్రాఫిక్స్ కార్డుకే బలం చాలట్లేదు, తగ్గించి వాడుకోవాలా, కొత్తది కొనాలా అనేది మీ ఇష్టం. ఎంత దించినా అట్టాగే ఉంటే తప్పు ఇంకోచోట ఉంది, కొత్త కార్డు కొన్నా డబ్బులు దండగ.

నా అభిప్రాయం ఇది. అమ్మేవాడు చెప్పే మొదటి మాట ఎప్పుడూ "కొత్తది తీసుకో" అనే. పురుగు మందుల కొట్లోనూ అంతే. తండ్రులం మనం చెప్పే మొదటి మాటేమో "వద్దు". రెండు మాటల్లోనూ ఆలోచన లేదు. పిల్లలు ఏదన్నా కొనమంటే "ఏమేం చూశావురా?" అని అడిగి పక్కన ఒక గంట కూర్చోండి. నాకు మిగిలింది లక్ష ఒక్కటే కాదు.

చివరగా ఒక్క మాట. ఆ హెడ్‌సెట్‌ని అరుగు మీద ఎండలో పెట్టబాకండి. లోపలున్న భూతద్దాల్లోంచి ఎండ పడితే తెర కాలిపోద్ది. దానికి మాత్రం ఏ సెట్టింగూ లేదు.