డబ్బా మీద రాసిందే పాఠమా?

పిల్లాడికి రాత్రంతా నీళ్ల విరేచనాలు. తెల్లారీ తెల్లారకముందే తల్లి మందుల షాపుకు పరుగెత్తి "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అని అడుగుతుంది. షాపతను ఫ్రిజ్‌లోంచి నారింజ రుచి పానీయం తీసి చేతిలో పెడతాడు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఓఆర్‌ఎస్ అనే ఉంటుంది. ఆమె చదువుకున్నదే. పేరు చూసుకునే కొంది. పిల్లాడు తియ్యగా ఉందని గటగటా తాగేస్తాడు. విరేచనాలు మాత్రం తగ్గవు.

ఏళ్ల తరబడి మన ఊళ్లలో, బస్తీల్లో జరిగిన తంతే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల మామూలు ఉప్పు, వాటితోపాటు పొటాషియం, సిట్రేటు లవణాలు ఉంటాయి. ఆ పాళ్లలోనే ఉంది దాని గుణమంతా. చక్కెర మోతాదు మించితే అది ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. రుచి కోసం బాగా చక్కెర కలిపిన పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న మాట తగిలించి అమ్మడం ఎంత ప్రమాదమో హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లపాటు చెబుతూ వచ్చారు. అధికారులకు రాశారు, హైకోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దంది. మూడు నెలలు దాటగానే, ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదని పక్కన రాసుకుంటే సరిపోతుందని సడలించింది. జ్వరం పిల్లాడిని చంకన వేసుకున్న తల్లి ఆ ముక్క ఎక్కడ చదువుతుంది? చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దు చేశారు. పాత సరుకు అమ్ముకోనివ్వాలంటూ కంపెనీలు కోర్టు మెట్లెక్కాయి కూడా.

డాక్టరుగారి పట్టుదలను మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు. ఆ తల్లి చదువు రాక మోసపోలేదు, చదివే మోసపోయింది. ఏం తినాలో, పిల్లలకు ఏం పెట్టాలో మనకు నేర్పుతున్నది ఎవరని ఆలోచిస్తే కాస్త భయమే వేస్తుంది. టీవీలో ప్రకటన, డబ్బా మీద బొమ్మ, ఫోన్లో ఎవరో పంపిన సందేశం. పాలల్లో కలిపే పొడుల సంగతే చూడండి. పొడుగు పెరుగుతారని, చురుకవుతారని తరాల తరబడి కొన్నాం. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, బోర్న్‌విటాతో సహా అలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' కింద చూపించవద్దని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. మన ఆహార చట్టంలో అసలు హెల్త్ డ్రింక్ అన్న మాటకు అర్థమే లేదట! లేని కేటగిరీకి ఇన్నేళ్లు మన నెల జీతంలోంచి తీసి కట్టామన్నమాట.

మరి నమ్మదగిన మాట ఎక్కడ దొరుకుతుంది? దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్న గదిలో మొదలై, 1958లో ఇక్కడికి వచ్చింది. మన దేశంలో తినే 528 రకాల పదార్థాల్లో ఏ పోషకం ఎంతుందో లెక్కకట్టి 2017లో పట్టిక వేసింది వాళ్లే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని అందులో చూస్తే, డబ్బా పొడి కొనేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. 2024 మే నెలలో ఆ సంస్థే కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీ తాగొద్దని అందులో ఉంది. ఇనుము ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. అన్నం తిన్న వెంటనే గ్లాసుడు టీ పుచ్చుకునే వాళ్లు మన ఇళ్లలో ఎంతమందో!

చిక్కంతా ఏమిటంటే, అది 148 పేజీల ఇంగ్లీషు పుస్తకం. ఇంటర్నెట్‌లో ఉచితమే, కాదనం. కానీ రాగి సంగటి వండే ఇల్లాలి దగ్గరికి ప్రకటన వచ్చినంత సులువుగా అది రాదు. ఇంకో మాట. అందులో చెప్పిన పళ్లెం లెక్క చూశాను. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలూ ఆకుకూరలూ, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో, 85 గ్రాముల పప్పులు, 35 గ్రాముల గింజలు. నలుగురున్న ఇంటికి రోజూ కిలోన్నర పైన కూరలు, లీటరుంపావు దాకా పాలు! కూలి డబ్బుతో గడిచే ఇంట్లో అది కుదిరే పనేనా? బాదంపప్పుల బదులు వేరుశనగలు, నువ్వులు పనికొస్తాయి, నిజమే. కూరల ధర మాత్రం పుస్తకం తగ్గించలేదు.

చెప్పేవాళ్లు ఎవరు చెప్పినా వంటింట్లో ఇంకో లెక్క కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో అధిక బరువున్న ఆడవాళ్లు ఆంధ్రలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అన్నం కడుపు నింపుతోంది గానీ రక్తం పట్టించడం లేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పులుసుతో ముద్ద కలుపుకునే అలవాటును ఏ కరపత్రం మాన్పించగలదు? ముందు మగవాళ్లకు చెప్పాల్సిన పాఠం అది. పోషకాహార ప్రచారాలన్నీ ఆడవాళ్లనే కూర్చోబెట్టి చెబుతుంటాయెందుకో.

అయినా తెలుగులో, ఉచితంగా, అమ్ముకునే స్వార్థం లేకుండా మన ఇంటికే వచ్చిన పాఠం ఒకటుంది. గర్భిణులకు ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డు. టీకాల తేదీలు చూసుకుని, పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టేస్తాం. ఏ నెలలో బిడ్డకు ఏం పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి అన్నది అందులోనే బొమ్మలతో ఉంటుంది. బరువు గీతలు ఆడపిల్లకు గులాబీ రంగులో, మగపిల్లాడికి నీలంలో ఉంటాయి. చుక్క ఆకుపచ్చ పట్టీలో పడితే బరువు బాగున్నట్టు. పసుపులోకి జారితే జాగ్రత్త పడాలి, నారింజలోకి వెళితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. విరేచనాలకు అసలైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లూ, 14 రోజుల జింకు మాత్రలూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. ఆశా కార్యకర్తను అడగండి. షాపులోనే కొనాల్సి వస్తే, పొడి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఇవాళే ఆ కార్డు బయటికి తీయండి. చాలా కార్డుల్లో టీకాల పేజీ నిండిపోయి, బరువు పేజీ తెల్లగా ఉంటుంది. ఈసారి అంగన్‌వాడీలో బిడ్డను తూచినప్పుడు, రిజిస్టరులో రాసుకున్నాక మీ కార్డులోనూ చుక్క పెట్టమని టీచరమ్మను అడగండి. పెట్టాక అది ఏ రంగులో పడిందో కూడా ఆవిణ్నే అడగండి.