ఉన్నదున్నట్టు సాగనంపారు

మనిషి పోగానే మన ఊళ్ళలో అబద్ధాలు మొదలవుతాయి. చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత ఊరికే పుట్టలేదు. అన్నదమ్ముల పొలం కలుపుకున్నవాడు పెద్దకర్మ నాటికి ధర్మాత్ముడవుతాడు. పెళ్ళాన్ని ఏనాడూ పేరుపెట్టి పిలవనివాడు ఆదర్శ భర్త అవుతాడు. అవన్నీ వింటూ తలలూపి, భోజనాలు చేసి వస్తాం. పోయిన వారం గంపలగూడెంలో నా మిత్రుణ్ణి మాత్రం ఉన్నదున్నట్టు సాగనంపారు. అంత దుఃఖంలోనూ నా మనసు నిండింది.

ఆయన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. మిరపకు తడులు పెట్టే రోజుల్లో, లో వోల్టేజికి కాలిపోయిన మోటార్లు ఆయన షాపు ముందు వరసగా పడుండేవి. లోపల రాగితీగ చుట్టలు, వార్నిషు వాసన, గోడ మీద నాస్తికుడు గోరా ఫొటో. దేవుడు లేడని ఎవరితోనైనా వాదించేవాడు. నెమలి ఊరి తిరునాళ్ళలో జనరేటరు మొరాయిస్తే అర్ధరాత్రి వెళ్ళి బాగుచేసి, డబ్బు పుచ్చుకోకుండా వచ్చేవాడు కూడా ఆయనే. కల్లాల్లో మిరపకాయలు ఏరే ఒకావిడతో ముప్ఫై ఏళ్ళు కలిసి బతికాడు. ఆమెది వేరే కులం. తాళి లేదు, రిజిస్ట్రేషనూ లేదు. ఆ తంతు ఇద్దరూ వద్దనుకున్నారు. నేను ఆమెను వదినా అనే పిలుస్తాను.

కళ్ళు ఆరు గంటల్లోపు తీయాలి కాబట్టి అవి ముందే తీసుకువెళ్ళారు. దేహాన్ని విజయవాడలో మెడికల్ కాలేజీకి ఇమ్మని ఆయన ఎప్పుడో చెప్పిపెట్టాడు. అంబులెన్సు వచ్చేలోగా షాపు ముందే కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక రైతు లేచాడు. “నా మోటారు మూడు వారాలు ఇక్కడే ఉంచాడు. ఆ యేడు తోట ఎండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మరుసటేడు నా దగ్గర పైసా తీసుకోలేదు, కానీ తప్పయిందని మాత్రం అనలేదు” అన్నాడు. తమ్ముడు, పదేళ్ళు మాటల్లేవనీ తప్పు ఇద్దరిదీననీ చెప్పి కూర్చున్నాడు. తర్వాత వదిన. “ఈయనకి కోపమెక్కువ. రెండుసార్లు మూట కట్టుకుని మా అన్న ఇంటికి పోయాను. రెండుసార్లూ వచ్చాడు. బతిమాలలేదు. నా మూట సైకిలు మీద పెట్టుకుని నడిచాడు. ఎనకమాలే నేనూ నడిచాను.” ఇంతకు మించిన నివాళి నేను వినలేదు.

అక్కడ ఒక్క ఫ్లెక్సీ లేదు. ఈ ఫ్లెక్సీల గురించి ఇదివరకూ రాశాను, మళ్ళీ రాస్తాను. ‘శివైక్యం చెందిన’ అని మొదలై, పోయినవారి ఫొటో కంటే కట్టించినవారి ఫొటోలే పెద్దవిగా ఉంటాయి. మనిషి ఎలా బతికాడో ఒక్క ముక్క ఉండదు. ఆ బొమ్మల కింద నిలబడి మాట్లాడేవారికీ ఆ మనిషి తెలియదు. ఇది చనిపోయినవారికి చేసే అన్యాయమని నా గట్టి నమ్మకం. తప్పులు తుడిచేస్తే మంచి కూడా వాళ్ళది కాకుండా పోతుంది. శ్రీశ్రీ తన తాగుడూ తన ప్రేమలూ దాచకుండా ‘అనంతం’లో తానే రాసుకున్నాడు. మనం మాత్రం ఏటా జూన్ 15న విగ్రహానికి దండేసి అవన్నీ మింగేస్తాం. కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో ‘నిర్జన వారధి’లో కమ్యూనిస్టు ఉద్యమాన్నీ రాసింది, తనను వదిలివెళ్ళిన భర్త గురించీ రాసింది. దానివల్ల ఏ ఉద్యమమూ చిన్నబోలేదు.

ఉమ్మడి కృష్ణా జిల్లాకు ఇలాంటి మనుషులు కొత్త కాదు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చాడు. గర్భిణులు గ్రహణం చూడకూడదని ఊరంతా అంటుంటే సరస్వతీ గోరా కడుపుతో ఉండి చూసింది. వాళ్ళబ్బాయి లవణం జాషువా కూతురు హేమలతను పెళ్ళాడాడు. దేహదానం సంగతికొస్తే, కవి కాళోజీ దేహం 2002లో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీకి, మల్లు స్వరాజ్యం దేహం 2022లో నల్లగొండ కాలేజీకి, ప్రొఫెసర్ సాయిబాబా దేహం 2024లో గాంధీ కాలేజీకి చేరాయి. పేరున్నవాళ్ళు చేస్తే పేపర్లలో వస్తుంది. గంపలగూడెం సెంటర్లో మోటార్లు చుట్టే మనిషి కూడా అంత పనీ చేశాడు.

కానీ ఆ రోజు నన్ను కుదిపేసింది ఇంకొకటి. దేహం అప్పగించడానికి దగ్గరి బంధువు సంతకం కావాలన్నారు. మూడు దశాబ్దాలు ఆయనకు అన్నం పెట్టి, చివరి ఆరు నెలలూ మంచం మీద ఎత్తి పడుకోబెట్టిన మనిషి పక్కనే నిలబడి ఉంది. ఆమె సంతకం చెల్లదట! పదేళ్ళు మాటల్లేని తమ్ముడి సంతకం చెల్లింది. పాపం అతను సిగ్గుపడుతూనే పెట్టాడు.

సంతకంతో అయిపోతే బాగుండు. షాపు స్థలం తాతల నాటిది, కాగితాల్లో ఆమె లేదు. 2005 నాటి గృహహింస చట్టం పెళ్ళి లాంటి సహజీవనాన్ని గుర్తించింది. దీర్ఘకాలం కలిసి బతికినవారిని దంపతులుగానే భావించాలని సుప్రీంకోర్టు 2015లో ఒక తీర్పులో చెప్పింది. అయితే అదంతా కోర్టు మెట్లెక్కగలిగినవారికి. రోజుకూలికి మిరపకాయలు ఏరే మనిషి ఏ వకీలు దగ్గరికి పోతుంది? వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు. దానికి భర్త మరణ ధ్రువీకరణ పత్రం తెమ్మంటారు. భర్త అని ఎక్కడ రాసుంది? పెళ్ళి వద్దన్నవాళ్ళకు పింఛనెందుకని అప్పుడే ఒకాయన నాతో వాదనకు దిగాడు. ఆమె కూలి డబ్బు ముప్ఫై ఏళ్ళు ఆ ఇంట్లోనే ఖర్చయింది. ఊరంతా చూసింది. ఆ ఊరి మాట ప్రభుత్వానికి ఎందుకు చాలదు?

ఇరుగుపొరుగు సాక్ష్యం, పంచాయతీ తీర్మానం ఉంటే ఇలాంటి ఆడవాళ్ళకు పింఛను ఇవ్వాలి. అంత్యక్రియల కాగితాల మీద సంతకం పెట్టే హక్కూ ఇవ్వాలి. ఇందుకు ఒక్క జీవో చాలు. ఆ రోజు షాపు ముందు కూర్చున్నవాళ్ళమందరం ఇదే అర్జీ రాశాం. మొదటి సంతకం తమ్ముడిది. వచ్చే సోమవారం గ్రీవెన్సులో ఇస్తున్నాం.