నూటికి రూపాయి పావలా

బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చిందెవరంటే అనైరిన్ బెవన్ పేరు చెబుతారు. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఆరోగ్య మంత్రి ఆయనే. ఆ గౌరవానికి ఆయన తగినవాడే. అయితే ఆ ఘనతలో పెద్ద వాటా ఆయన పుట్టిన ఊరి కార్మికులకు దక్కాలి.

ఆ ఊరు ట్రెడెగార్. దక్షిణ వేల్స్‌లో, సిర్హోవీ నది లోయలో ఉంది. 1800లో ఇనుప కర్మాగారంతో మొదలై, బొగ్గు గనులతో పెరిగింది. గనిలో పైకప్పు కూలి కాలు విరిగినా, ఊపిరితిత్తుల నిండా ధూళి పేరుకున్నా కూలీ చేతిలో డాక్టరు ఫీజుకు డబ్బుండేది కాదు. అందుకే 1890లో మెడికల్ ఎయిడ్ సొసైటీ పెట్టుకున్నారు. కూలిలో పౌనుకు మూడు పెన్నీలు చందా. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు కాబట్టి, మన లెక్కలో నూటికి రూపాయి పావలా. ఆ డబ్బుతో డాక్టర్లను, నర్సులను, పళ్ల డాక్టరును జీతానికి పెట్టుకున్నారు. కళ్లద్దాలు, కట్టుడు పళ్లు కూడా ఇచ్చేవారు. 1940ల నాటికి ఊళ్లోని 24,000 మందిలో 22,800 మంది ఈ నీడలోనే ఉన్నారు.

డబ్బు కట్టినవాళ్లే కమిటీలో కూర్చుని పెత్తనం చేశారు. ఈ ఏర్పాటులో అసలు బలం అదే.

బెవన్ 13 ఏళ్లకే గనిలో దిగాడు. 1925లో తండ్రి గని ధూళి జబ్బుతో కొడుకు చేతుల్లోనే ప్రాణం విడిచాడు. ఆ జబ్బును అప్పటికి వృత్తి రోగంగా గుర్తించలేదు, పరిహారం రాలేదు. ఆ దశకంలోనే బెవన్ ఊరి ఆసుపత్రి కమిటీలో పనిచేశాడు. ట్రెడెగార్‌లో ఉన్నదాన్నే దేశమంతటికీ విస్తరిస్తున్నానని మంత్రిగా తానే చెప్పుకున్నాడు. 1951లో కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రుసుము వేయాలని సొంత ప్రభుత్వమే నిర్ణయిస్తే పదవి వదిలేశాడు. చందా కట్టిన గని కార్మికుడికి అందిన వస్తువులవి. ఆయన పట్టుదల అర్థం కావాలంటే ఇది తెలియాలి.

ఊళ్లోని టై ట్రిస్ట్ గని 1959లో మూతపడింది. కార్మికుల డబ్బుతో నడిచి, 1904 నుంచి సేవలందించిన ట్రెడెగార్ జనరల్ ఆసుపత్రి 2010లో ఆగిపోయింది. కొత్త ఆసుపత్రి పక్క లోయలోని ఎబ్బూ వేల్‌లో వెలిసింది, దానికి బెవన్ పేరు పెట్టారు. ట్రెడెగార్‌లో సొసైటీ కార్యాలయం నడిచిన, సర్కిల్ అనే కూడలిలోని 10వ నంబరు భవనం ఇప్పుడు చరిత్ర కేంద్రం. మంచిదే. కానీ ఈ ఊరున్న బ్లైనై గ్వెంట్ ప్రాంతం నేటికీ వేల్స్‌లోని పేద ప్రాంతాల్లో ఒకటి. నిధులు పంచేటప్పుడు, డాక్టర్లను నియమించేటప్పుడు ఈ లోయను వరుసలో ముందు పెట్టాలి. వైద్య సంస్థల నిర్వహణలో స్థానికుల మాటకు ఒకప్పుడు ఉన్న విలువ కూడా తిరిగి ఇవ్వాలి.