డబ్బాల ఉన్న సైన్సెంత? పెట్టిన పైసలెంత?

మా ఇంట్ల అల్మారా మీద మూడు రంగురంగుల డబ్బాలున్నయి. ఒకటి విప్పినం, వాడినం. రెండోది విప్పి సగంల వదిలేసినం. మూడోదానికి టేపు కూడా ఊడలేదు. నెలకో సైన్స్ డబ్బా ఇంటికి పంపిస్తమంటే ఆరు నెలలకు చందా కట్టినం. ఒక్కోటి 1,100 రూపాయలు పడ్డది. ఇంకా మూడు రావాలె. కానీ ఐదో తరగతి చదివే మా బిడ్డ "నాలుగోది ఎప్పుడొస్తది నాయినా" అని అడుగుతలేదు. అడుగుతలేదు కాబట్టే మేం లెక్క తీసినం.

ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. అమెరికాల కివీకో కంపెనీ 2011ల మొదలైంది. మన దేశంల కూడా ఇప్పుడు ఇసొంటి కంపెనీలు చానా ఉన్నయి. నెల జీతం మీద బతికే మాసొంటోళ్ల ఇండ్లల్ల ఇదొక ముచ్చటైంది. కొనాల్నా, వద్దా?

మేమెందుకు కొన్నమో దాచుకునేదేం లేదు. మేం డిగ్రీల సైన్సు చదివినోళ్లమే. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చి నకలు కొట్టినం. జవాబు ముందు రాసుకున్నం, ప్రయోగం తర్వాత చేసినం. కొన్నైతే చెయ్యనే లేదు. పట్టా వచ్చింది గానీ చేతికి సైన్సు అంటలేదు. ఆ లోటు బిడ్డకు ఉండొద్దనుకున్నం. ఆ భయాన్నే కంపెనీ కనిపెట్టింది.

మొదటి డబ్బాల ఒక బొమ్మ కారు. చిన్న మోటరు, రెండు పెన్సిల్ సెల్లులు, స్విచ్చు, చక్రాలు, కోసిపెట్టిన చెక్క ముక్కలు, ఇంగ్లీషుల ఒక రంగుల పుస్తకం. చెక్క ముక్కలు, పుస్తకం పక్కన పెట్టి మిగతా సామాను బజార్ల అడిగితే 150 రూపాయలు దాటలేదు. అట్లని మిగిలిందంతా దోపిడీ అనం. ఏం కొనాల్నో, ఎట్ల అమర్చాల్నో ఆలోచించి, కోసి, రాసి పంపినోళ్లున్నరు. వాళ్ల కష్టానికి కూలి ఇయ్యాలె. చిన్న ఊర్లల్ల ఇవన్నీ ఒక్క దుకాణంల దొరకవు కూడా. మా పేచీ ధర మీద కాదు. ఆ ధర ఇంట్ల చేసిన పని మీద.

పుస్తకంల పన్నెండు మెట్లున్నయి. నలభై నిమిషాలల్ల కారు తయారైంది, ఉరికింది. అయిపోయిందనుకున్నం. బిడ్డ మాత్రం ఒక సెల్లు తీసి తిప్పి పెట్టింది. కారు కదల్లేదు. రెండోది కూడా తిప్పింది. కారు వెనక్కి ఉరికింది. రెండు సెల్లులు ఎదురుబొదురైతే బలం కొట్టుకపోతదని, రెండూ తిప్పితే కరెంటు దారి మారి మోటరు ఉల్టా తిరుగుతదని అప్పుడు మాట్లాడుకున్నం. ఇది పుస్తకంల లేదు. ఆ డబ్బాల అసలు సైన్సు ఆ ఐదు నిమిషాలే.

తర్వాత ఆమె మూడో సెల్లు కలుపుతనన్నది. మేమేమన్నం? "వద్దు, మోటరు కాలిపోతది, పదకొండు వందలు పెట్టి తెచ్చినం" అన్నం. బిడ్డ చెయ్యి వెనక్కి తీసుకున్నది. పైసలు పెట్టి కొన్న ప్రయోగాన్ని ఆ పైసల కోసమే మేం ఆపినం. రెండో డబ్బాల పొడులు ఒక్కసారికి సరిపడా వచ్చినయి. నీళ్లెక్కువైనయి, రంగు రాలేదు. మళ్ల చేద్దామంటే పొడి లేదు. తప్పు చేసే వీలు లేని ప్రయోగం మేం నకలు కొట్టిన రికార్డుకు ఎక్కువేం కాదు.

దీనికి ఇంకో దారి మన దేశంలనే నడిచింది. మధ్యప్రదేశ్‌ల అప్పటి హోషంగాబాద్ జిల్లాల 1972ల పదహారు సర్కారు బడులల్ల ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. కిషోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు మొదలుపెట్టినయి, తర్వాత ఏకలవ్య నడిపింది. అక్కడ కూడా డబ్బా ఉన్నది. ఆ సామానుతోటి పల్లె పిల్లలు గుంపులుగ కూసొని ప్రయోగాలు చేసిన్రు. పంతుళ్లకు శిక్షణ ఇచ్చిన్రు. పరీక్షల పుస్తకం తెరిచి రాయనిచ్చిన్రు. సవాలీరాం అనే కల్పిత మనిషికి పిల్లలు ప్రశ్నలు ఉత్తరాలు రాస్తే జవాబులు వచ్చినయి. 2002ల అక్కడి సర్కారు ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. మన ఇంటికొచ్చిన డబ్బాల జవాబులున్నయి. బిడ్డ ప్రశ్న పంపే చిరునామా లేదు.

ఆ కార్యక్రమంల పనిచేసిన అరవింద్ గుప్తా ఐఐటీ ఇంజనీరు. అగ్గిపుల్లలను సైకిల్ వాల్వుకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టం ముక్కలతోటి కలిపి ఆకారాలు చేయించిండు. 2018ల పద్మశ్రీ వచ్చింది. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే పక్కకు ఒరుగుతది, మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. కరెంటు టవర్ల నిండా త్రిభుజాలెందుకున్నయో రెండు రూపాయల అగ్గిపెట్టె చెప్తది. ఆయన పుస్తకాలు, వీడియోలు ఇంటర్నెట్‌ల ఉత్తగనే దొరుకుతయి. పసుపు నీళ్లల్ల ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్లు వేస్తే ఎర్రగైతది, నిమ్మరసం పిండితే మళ్ల పసుపుకొస్తది. పసుపుల సున్నం కలిస్తే ఎర్రగైతదని మన అవ్వలకు ఎన్నడో ఎరుక.

మరి ఏదీ కొనొద్దా? కొనాలె. ఇంట్ల లేనిది, మళ్ల మళ్ల పనికొచ్చేది కొనాలె. మంచి అద్దం, బలమైన అయస్కాంతం, దిక్సూచి. స్టాన్‌ఫర్డ్‌ల మను ప్రకాష్ బృందం 2014ల లోకానికి చూపిన ఫోల్డ్‌స్కోప్ అసొంటిదే. కాగితం మడిచి చేసే మైక్రోస్కోపు. ఒక్కసారి కొంటే ఉల్లిగడ్డ పొర నుంచి చెరువు నీళ్ల దాకా ఏండ్లకేండ్లు చూడొచ్చు.

నెలనెలా డబ్బానే కావాలనుకుంటే కంపెనీని నాలుగు మాటలు అడుగుండ్రి. ఒకటి, చందా లేకుండ ఒక్క డబ్బా అమ్ముతరా? రెండు, ప్రయోగం రెండోసారి చేసేందుకు సామాను మిగులుతదా? మూడు, పోయిన ముక్క ఒక్కటే విడిగ ఇస్తరా? నాలుగు, పుస్తకం పిల్లలకు వచ్చిన భాషల ఉన్నదా? వీటిల రెండిటికి లేదంటే ఆ పైసలు దండుగ. మీకు మీరు ఇంకో మాట అడుగుకోవాలె. నెలకు రెండు ఆదివారాలు పక్కన కూసుంటరా? కూసోనోళ్లకు అది డబ్బా కాదు, అల్మారాల దుమ్ము.

ఆటోపేతోటి జాగ్రత్త. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం పైసలు కోసే 24 గంటల ముందు మనకు కబురు రావాలె. ఆ మెసేజి చదవకుండ తుడిచేసేది మనమే.

మా సంగతంటరా, మళ్ల చందా కట్టం. వచ్చేటి మూడు డబ్బాలను వాడకట్టు పిల్లలందరి ముందట విప్పుతం. ఈ ఆదివారం బొమ్మ కారుకు మూడో సెల్లు కలపమని బిడ్డకు చెప్పినం. కాలితే కాలనీ, ముప్పై రూపాయల మోటరు.