వంటగది మరమ్మతు: ముందు లెక్క, తరువాత పలుగు

రంజాన్ రాకముందే ఇల్లు బాగుచేసుకోవడం పాతబస్తీ కుటుంబాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు. రజబ్, షాబాన్ మాసాలలో గల్లీ గల్లీకి సున్నాలు, రంగులు, మరమ్మతులు మొదలవుతాయి. వీటన్నిటిలో ఎక్కువ సొమ్ము మింగేది, ఇంటిల్లిపాది మధ్య ఎక్కువ మాటలు పెంచేది వంటగది పని. యాభై వేలతో అయిపోతుందనుకున్నది లక్ష దాటుతుంది. సగం పగలగొట్టిన గోడను అలా వదిలేయలేక గృహస్థుడు అప్పు కోసం బయలుదేరుతాడు. పిల్లల ఫీజు కోసం దాచిన సొమ్ము టైల్స్ కింద కలిసిపోతుంది. అందుకే ఈ నెల మనం వంటగది లెక్కను గురించి ముచ్చటించుకుందాం.

సత్యదాసుల గుణాలను వివరిస్తూ దివ్య ఖుర్ఆన్ (ఫుర్ఖాన్ సూరా, 67) వారు ఖర్చులో దుబారా చేయరనీ, పిసినారితనమూ చూపరనీ, రెండింటికీ మధ్య నడుస్తారనీ తెలుపుతుంది. వంటగది విషయంలో ఈ మధ్యేమార్గం ఏది? కంటికి కనిపించే మెరుగుపై తక్కువగా, కనిపించని బలంపై తగినంతగా ఖర్చు చేయడమే అని మేము భావిస్తాము. నీటి గొట్టాలు, మురుగు దారి, కరెంటు తీగలు గోడలోపల ఉంటాయి. వాటిలో ఆదా చేసినవారు రెండేళ్లకే కొత్త టైల్స్‌ను మళ్లీ పగలగొట్టవలసి వస్తుంది.

మొదట కొలతలు తీసుకోవాలి. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల వంటగదిని ఉదాహరణగా తీసుకుందాం. నేల 80 చదరపు అడుగులు. రెండు గోడల వెంబడి ఎల్ ఆకారంలో రెండడుగుల వెడల్పు గట్టు కట్టితే 32 చదరపు అడుగుల రాయి కావాలి. గట్టుపైన గోడకు రెండడుగుల ఎత్తున టైల్స్ వేస్తే 36 చదరపు అడుగులు. నేల, గోడ కలిపి 116. కోతల్లో పోయేదానికి పదోవంతు కలిపితే సుమారు 128. ఈ అంకెలు చేతిలో ఉన్నవారికి దుకాణంలో అవసరానికి మించి డబ్బాలు అంటగట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక సొమ్ము. ఇంట్లో ఉన్నది లక్షా యాభై వేలు అనుకుందాం. అందులో ఐదోవంతు, అంటే 30,000 ముందుగానే వేరుచేసి, లేనట్టే భావించాలి. పాత ఇళ్లలో గోడ తెరిచాక ఏమి బయటపడుతుందో మేస్త్రీకి సైతం తెలియదు. మిగిలిన 1,20,000లో నీరు, మురుగు, కరెంటు పనులకు 35,000. తాపీపని, టైల్స్‌కు 40,000. గట్టు, సింకు, అరలకు 30,000. శిథిలాలు ఎత్తివేయడానికి, సామాను చేరవేయడానికి 8,000. పని జరిగినన్నాళ్లు బయటి తిండికి, తాత్కాలిక పొయ్యి ఏర్పాటుకు 7,000. ఈ మొత్తాలు నమూనా మాత్రమే. మీ ఇంటి ధరలను బట్టి మారుతాయి. అయితే చివరి రెండు పద్దులను మాత్రం మరువకండి. చాలామంది లెక్క తప్పేది అక్కడే. ఇరుకు గల్లీలోకి లారీ రాదు. ఇసుకైనా, రాయైనా బండిమీదో, మనిషి తలమీదో రావాలి. ఆ కూలి కూడా మన ఖర్చే. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. కనుక అంతకు మునుపటి ధరలతో వేసిన అంచనాలను తిరిగి వేయించండి.

సామాను ఎంపికలో మన వంటల స్వభావాన్ని కూడా గమనించాలి. ఖట్టీ దాల్, బఘారే బైంగన్, మిర్చీ కా సాలన్ వండే ఇంట్లో చింతపండు, నిమ్మకాయ లేని రోజు ఉండదు. పాలరాయి, కడప రాయి సున్నపురాళ్ల జాతివి. పులుపు తగిలితే మెరుగు పోయి మచ్చలు పడతాయి. గట్టు పైభాగానికి గ్రానైట్ మేలు. కడప పలకలు కింది అరలకు ఎంతో అనువైనవి. అవి చవక, చెద పట్టదు, తడికి చెడవు.

తడి అన్న మాటను తేలికగా తీసుకోరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షాలకు హాఫిజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వంటి పల్లపు బస్తీలలో ఇళ్లలోకి నీళ్లు చొరబడ్డాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు నీటిలో నానితే ఉబ్బిపోతుంది; ఆరినా మునుపటి స్థితికి రాదు. పల్లంలో ఉన్న ఇళ్లవారు గట్టు కింద రాతి అరలే పెట్టుకోవడం మంచిది. చెక్కే కావాలంటే ఐఎస్ 710 ముద్ర గల ప్లైవుడ్ అడగండి. ఇంకొక సంగతి: సున్నంతో కట్టిన పాత గోడలు తేమను పీల్చి వదులుతుంటాయి. వాటిపై దట్టంగా సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, కొన్నాళ్లకు పెళ్లలు ఊడుతాయి. అటువంటి గోడకు సున్నపు పూత తెలిసిన మేస్త్రీనే వెతకండి.

రెండువేల వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన తీగ ఉండాలి. గ్యాసు గాలికంటే బరువైనది. సిలిండరును మూసిన అరలో పెట్టేవారు నేలమట్టానికి గాలిరంధ్రాలు తప్పక వదలాలి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. నిర్లక్ష్యం చేస్తే పోయేవి ప్రాణాలు.

డబ్బు చాలకపోతే ఏం చేయాలి? వడ్డీ అప్పు మనకు మార్గం కాదని వేరే చెప్పనక్కరలేదు. వడ్డీ లేని వాయిదాలు అనే ప్రకటనలను సైతం జాగ్రత్తగా చదవండి. సున్నా వడ్డీ అన్నది వాస్తవంలో లేదనీ, అది రుసుముల రూపంలో దాగి ఉంటుందనీ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. అంతకంటే పనిని రెండు భాగాలు చేయడం ఉత్తమం. ఈ యేడు నీరు, మురుగు, కరెంటు, గట్టు; వచ్చే యేడు అరలు, తలుపులు. పురానాపూల్ చెంత జుమ్మెరాత్ బజార్‌లో పాత తలుపులు, ఇనుప సామాను ఓపికగా వెతికితే దొరుకుతాయి. ఇలా కూడబెట్టిన సొమ్ము నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం నిండితే దానిపై జకాత్ చెల్లించాలన్నది పండితులలో అధికుల అభిప్రాయం. మీ పరిస్థితిని ఆలిములకు వివరించి తెలుసుకోండి.

మేస్త్రీతో ఒప్పందాన్ని కాగితంపై పెట్టండి. ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన ఆయతు (బఖరా సూరా, 282) అప్పుల లావాదేవీలను రాసుకోవడం గురించే ఉంది. రాసుకోవడమంటే అనుమానించడం కాదు, ఇరువురినీ కాపాడుకోవడం. ఏ పని, ఏ సామాను, ఎన్ని రోజులు, ఏ దశలో ఎంత అన్నది స్పష్టంగా ఉండాలి. శ్రామికుని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది దైవప్రవక్త (స) బోధ. కాబట్టి రోజుకూలి ఆ సాయంత్రమే ఇవ్వాలి. గుత్త పనిలో చివరి వాయిదాను సింకు నింపి వదిలి, లీకు లేదని చూసిన రోజున ఇచ్చేటట్టు ముందే చెప్పి రాసుకోవచ్చు. పని సరిగా పూర్తయ్యాక ఇవాళ రేపు అంటూ తిప్పడం మాత్రం అన్యాయం.

శిథిలాలను రాత్రివేళ నాలాలోనో, మూసీ ఒడ్డునో పోయించే అలవాటు మన బస్తీలలో ఇంకా పోలేదు. నగరంలో జీడిమెట్లలోనూ ఫతుల్లాగూడలోనూ వాటిని శుద్ధిచేసే కర్మాగారాలు ఉన్నాయి. మన గోడ పెళ్లలు పూడ్చిన నాలా వానాకాలంలో పొరుగువారి వంటగదిని ముంచుతుంది. పొరుగువాని హక్కు ఎంతటిదో మనకు తెలుసు. అందుకే పైన రాసిన ఎనిమిది వేలలో కోత పెట్టవద్దంటున్నాము.

చివరిగా ఒక మాట. గట్టు ఎంత ఎత్తు ఉండాలో, బక్రీద్ మాంసం ఎక్కడ కోయాలో, బిర్యానీ దేగ్ ఎక్కడ దించాలో రోజూ అక్కడ నిలబడి వండే ఇల్లాలినీ, ఆమె అత్తగారినీ అడగండి. సొమ్ము తెచ్చేది పురుషుడే అయినా, ఆ గదిలో గంటలకొద్దీ నిలబడేది వారు. దైవప్రవక్త (స) స్వయంగా ఇంటి పనుల్లో చేయి కలిపేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. ఇంటి ఆడవారి సలహాతో లెక్క మొదలైతే సగం దుబారా కాగితం మీదే ఆగిపోతుంది. పలుగు దెబ్బ పడ్డాక ఆపడం కష్టం.