పరిశోధకుని జీతమును ఫలమును

పూడూరు, పరిగి ప్రాంతములందు బిడ్డ శాస్త్రవిద్య ముగించి వచ్చినంతనే తండ్రి యడుగు మొదటి ప్రశ్న ‘జీతమెంత?’ యనునదియే. అడుగుట తప్పు కాదు. మెట్ట సేద్యముపై అప్పు చేసి చదివించినవాడు అడుగక మానడు. విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుదునను బిడ్డను ఇంటిల్లిపాదియు వింతగా చూచుటకును ఇదియే కారణము. హైదరాబాదు కంప్యూటరు కొలువుతో పోల్చినచో పరిశోధకుని జీతము ఆలస్యముగా మొదలై మెల్లగా పెరుగును. ఈ మాట దాచి యువకులను పిలుచుట మోసమని మా యభిప్రాయము.

అయినను ఆ కొలువున దక్కునదేమో తెలియగోరువారు దూరము పోనక్కరలేదు. మన వికారాబాదు జిల్లాలోనే, తాండూరున, ఆచార్య జయశంకర్ పేరిటి వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా స్థానము కలదు. అచ్చటి ముఖ్యమైన పని కందిపై. కంది ఇంచుమించు ఆరు మాసముల పైరు. సామాన్యముగా ఏటికొక్క తరమే. రెండు రకములను సంకరపరచి, సంతతి నిలుకడకు వచ్చువరకు ఏడెనిమిది తరములు గడపవలెను. పిదప పలుతావుల పరీక్షింపవలెను. తేనెటీగలు ఒక చేని పుప్పొడిని మరొక చేనికి మోసి గింజను కల్తీపరచును గనుక విత్తనపు మడిని ఎడముగా కాపాడవలెను. ఎండుతెగులు బూజు మట్టిలో ఏండ్ల తరబడి దాగియుండును. పరిశోధకుడు బుద్ధిపూర్వకముగా ఆ తెగులు నింపిన మడిలోనే విత్తి, ఏ మొక్క వాడినదో, ఏది నిలిచినదో లెక్కించును. లోకమంతయు తెగులు పోవలెనని మ్రొక్కగా ఈతడొక్కడే దానిని పెంచి పోషించును!

ఇట్టి చాకిరికి దక్కునదేమి? చాళ్లకు చాళ్లు ఎండిపోయిన చేనిలో మరియొక యేట పైరు నిలిచి కాయుట చూచుట. రైతునకు విత్తనము పేరు తెలియును. దానిని తీర్చినవాని పేరు తెలియదు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినపుడు మనమందరము సంతసించితిమి. ఆ మడుల నడుమ ఎండకెండినవారిని తలచినవారు కొందరే.

పెద్ద విశ్వవిద్యాలయములును ఇందుకు మినహాయింపు కావు. మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డున భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి వారిరువురి పేర నేటికిని నిలిచియున్నది. స్థిరమైన పదవి మాత్రము ఆయనకచట దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థకు వెడలిపోయెను.

అల్పజీతమును ఓర్చుకొనువారున్నారు, అస్థిరతను ఎన్నాళ్లు ఓర్చెదరు? పదేండ్లు పట్టు పనికి ఏడాది ఒప్పందముపై మనిషిని నియమించుట, కంది విత్తి నెలకే కోతకు కొడవలి పట్టుటవంటిది. మధ్యలో మనిషి మారినచో పుస్తకములోని లెక్కలు మిగులును గాని, ఏ మొక్క నెందులకు ఉంచెనో ఎరిగిన కన్ను మిగులదు. సంకరము మొదలిడిన చేతికే ఆ రకము విడుదలయగు వరకును కొలువు నిలుపవలెనని ప్రభుత్వమును, విశ్వవిద్యాలయ పాలకులను కోరుచున్నాము. అపుడు పూడూరు తండ్రి ప్రశ్నకు బిడ్డ తడబడక బదులు చెప్పగలుగును.