పట్టెమంచం బేరం

రాజమండ్రి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం నన్ను చాలా బాధపెట్టింది. పేరు వ్రాయవద్దన్నారు గనుక వ్రాయడం లేదు.

అత్తగారు పోయిన తర్వాత పాత పెంకుటింటిని వదలి, వాళ్లు రెండు గదుల ఫ్లాటులోకి మారారు. అత్తగారి టేకు పట్టెమంచం, అద్దాల బీరువా లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మెట్లమీదుగా మోసుకు వచ్చి హాల్లో పెట్టారు. ఇక ఇంట్లో మనుషులు నడవడానికి చోటు లేదు. "అమ్మేద్దాం, నువ్వే చూడు" అన్నారట భర్త. ఆవిడ ఫోటోలు తీసి, రెండూ కలిపి 18,000 అని పాత సామాన్ల యాప్‌లో పెట్టారు.

పది నిమిషాల్లో ఫోను వచ్చింది. తాను మిలిటరీ ఉద్యోగిననీ, విశాఖకు బదిలీ అయిందనీ, సామానుకోసం తమ బండే వస్తుందనీ చెప్పాడు. గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపాడు. "మిలిటరీ పద్ధతిలో ముందు మీరు ఎంత పంపితే దానికి రెట్టింపు మీకు తిరిగి వస్తుంది" అన్నాడు. అయిదు రూపాయలు పంపితే నిజంగానే పది వచ్చాయి! ఆ నమ్మకంతో 18,000 పంపారు. "ఎక్కడో పొరపాటు జరిగింది, ఇంకొకసారి పంపండి, అన్నీ కలిసి వస్తాయి" అంటే మళ్లీ 18,000 పంపారు. ఆ తర్వాత ఫోను మూగబోయింది.

"నాలుగు రోజులయింది. ఆయనకింకా చెప్పలేదు. నా చదువంతా ఏమైపోయిందా అని సిగ్గుగా ఉంది. నాదగ్గర ఉన్న చిన్న గొలుసు అమ్మి ఆ డబ్బు సర్దేస్తే ఆయనకు తెలియదు కదా! మీరేమంటారు?" అని అడిగారు.

అమ్మా, గొలుసు అమ్మవద్దు. ముందు వాడు ఎలా మోసం చేశాడో చూద్దాం. అప్పుడు అది మీ తెలివితక్కువతనం కాదని మీకే తెలుస్తుంది.

ఉంగరమో, చేతిగడియారమో అమ్మితే కొనేవాడు వచ్చి చేత్తో పట్టుకుని చూసి పట్టుకుపోతాడు. మంచం అలా కాదు. దాన్ని ఎలా మోయించాలా, ఎవరు తీసుకుపోతారా అని అమ్మేవాళ్లకే పెద్ద దిగులు. "బండి నేనే పంపిస్తాను, మీకే శ్రమా ఉండదు" అని ఎవడైనా అంటే ప్రాణం లేచివస్తుంది. కొనేవాడు మనిషి కనబడకపోయినా వింతగా తోచదు. ఆ దిగులే ఈ దొంగల పెట్టుబడి.

నిజంగా పాత మంచం కొనేవాడు ఎలా ఉంటాడో గుర్తు తెచ్చుకోండి. ఇంటికి వస్తాడు. పట్టెమీద వేలితో కొట్టి చూస్తాడు. కిందికి వంగి చెద ఉందేమో వెతుకుతాడు. కోళ్లు ఊపి చూసి, "ఇది టేకేనా అండీ?" అని మన ముందే పెదవి విరుస్తాడు. పద్దెనిమిది అంటే తొమ్మిది అంటాడు. వస్తువు చూడకుండా, ఒక్క రూపాయి తగ్గించమనకుండా కొంటానన్నవాణ్ని నమ్మకండి. వాడికి కావలసింది మీ మంచం కాదు.

ఇక డబ్బు సంగతి. మనకు డబ్బు రావడానికి మనం పిన్ నొక్కవలసిన పని ఎన్నడూ లేదు. కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కామంటే మన డబ్బు పోతున్నదన్నమాటే. మిలిటరీకైనా, మరెవరికైనా వేరే పద్ధతి లేదు. ఆ పది రూపాయలు ఎర. పాపం, సైనికులంటే మనకున్న గౌరవాన్ని కూడా వాడు దొంగసొత్తుగా వాడుకున్నాడు.

వీళ్లకు ఇంకా వేషాలున్నాయి. రవాణాఖర్చో, భీమా సొమ్మో ముందు మీరు కట్టండి, తర్వాత ఇస్తామంటారు. బండి ఖర్చు కొనేవాడిది. బండివాడికి అతనే ఇచ్చుకోవాలి. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి" అని బ్యాంకు పంపినట్టే ఉండే మెసేజి పంపుతారు. మెసేజి, ఫోటో నమ్మకుండా మీ ఖాతా మీరే తెరిచి చూసుకోండి. వాళ్లు చెప్పిన లింకులు నొక్కవద్దు, మన ఫోను తెర ఎదుటివాడికి కనిపించే యాప్‌లు పెట్టుకోవద్దు. ఖాతాలో సొమ్ము పడకుండా, గుమ్మంలో ట్రాలీ ఆటో ఆగిందని మంచం ఎక్కించవద్దు. ఆ డ్రైవరు ఏమీ తెలియని కూలిమనిషే కావచ్చు.

సామాను చూడడానికి ఎవరైనా వచ్చేవేళ ఇంట్లో మరొకరు ఉండేటట్టు చూసుకోండి. గుమ్మం వెడల్పు, మంచం కొలతలు ముందే చెబితే తర్వాత పేచీ ఉండదు. బీరువా ఇచ్చేముందు లోపలి సొరుగులు, రహస్యపు అర తప్పక తడిమి చూడండి. పెద్దవాళ్లు అక్కడ ఏం దాచారో మనకు తెలియదు!

ఇప్పుడు మీరు చేయవలసింది. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగవద్దని మీకు ముందే జవాబు వ్రాశాను. ఇతరులకోసం మళ్లీ చెబుతున్నాను. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అది సైబర్ మోసాలకోసం ప్రభుత్వం పెట్టినది. బ్యాంకుకూ చెప్పాలి. దొంగ ఆ సొమ్ము తీసుకునేలోగా తెలిస్తే దారిలో ఆపే వీలుంటుంది. అందుకే ప్రతి గంటా విలువైనదే. నాలుగు రోజుల తర్వాత ఆశ తక్కువే, అబద్ధం చెప్పను. అయినా ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫోను నంబరు, ఆ ఖాతా మరొక ఇంటి జోలికి పోకుండా ఆగవచ్చు.

తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడంటారు. దొంగ చేతిలో మోసపోయినవాళ్లు నోరు మూసుకోవడమేమిటి? మీరు మాట్లాడని ఆ నాలుగు రోజులే వాడికి దొరికిన రెండో బహుమానం. గొలుసు అమ్మితే 36,000 పోయిన చోట గొలుసూ పోతుంది, భర్త దగ్గర ఒక అబద్ధం మిగులుతుంది.

మంచం ఇంకా మీ ఇంట్లోనే ఉంది కదా. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ దానిమీదే కూర్చుని, మొదటినుంచీ ఉన్నదున్నట్టు ఆయనతో చెప్పండి. ఒక పూట కోపం వస్తే రానివ్వండి.